పొలిటికల్ సైన్స్ డిగ్రీకి ఖర్చెంత, రాబడెంత: చేరకముందే వేసుకోవలసిన లెక్క

బీఏ పొలిటికల్ సైన్స్ ఫీజు చూసి చాలామంది తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకుంటారు. ఇంజినీరింగ్‌లో ఒక్క ఏడాదికయ్యే డబ్బుతో ఇక్కడ మూడేళ్లూ గడిచిపోతాయి. అందుకే ఈ చదువుకు ఎవరూ లెక్క వెయ్యరు. దీని అసలు ఖర్చు మాత్రం ఫీజు రసీదులో కనపడదు. అందులో సగం, చదువుకునే మూడేళ్లలో సంపాదించకుండా పోయిన జీతంలో ఉంటుంది. మిగతా సగం డిగ్రీ చేతికొచ్చాక నోటిఫికేషన్ కోసం కూర్చున్న ఏళ్లలో ఉంటుంది. ఈ రెండూ కలపకుండా వేసిన లెక్క లెక్క కాదు.

ఒక పొడవాటి నోటు పుస్తకం తీసుకుని పేజీకి నాలుగు గడులు గీయండి. చేతి నుంచి పోయేది మొదటి గడి: ఫీజు, పరీక్ష ఫీజు, హాస్టల్, పుస్తకాలు, ప్రయాణం. రాకుండా పోయేది రెండోది: చదవకుండా పనికి వెళ్లి ఉంటే వచ్చే జీతం. స్కాలర్‌షిప్‌గా తిరిగొచ్చేది మూడోది. డిగ్రీ వల్ల అదనంగా వచ్చే నెల జీతం నాలుగోది. నాలుగో గడిలో మొత్తం జీతం రాయడం అందరూ చేసే మొదటి తప్పు. డిగ్రీ లేకపోయినా మీకు ఎంతో కొంత వస్తుంది కదా. దాన్ని తీసేసి తేడా మాత్రమే రాయాలి.

కింద రౌండు అంకెలుగా ఇచ్చిన హాస్టల్ అద్దెలు, ప్రైవేటు జీతాలు, ఇతర ఖర్చులు లెక్క నేర్పడానికి తీసుకున్నవి. మీ ఊళ్లో నలుగురిని అడిగి వాటి చోట మీ అంకెలు వేసుకోండి. ప్రభుత్వ జీతాల స్కేళ్లు, పోస్టుల సంఖ్యలు, తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఇచ్చినవే.

చేతి నుంచి పోయేది

సొంత ఊళ్లోనో పక్క పట్టణంలోనో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంటే అంతకన్నా చవక మార్గం లేదు. ప్రవేశం ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో: తెలంగాణలో దోస్త్ ద్వారా, ఏపీలో ఓఏఎండీసీ ద్వారా. కాలేజీ ఫీజు, రెండు సెమిస్టర్ల పరీక్ష ఫీజులు కలిపి ఏటా 6,000 అనుకోండి. పుస్తకాలు, జిరాక్సులు, ఫోన్ డేటా, చిల్లర ఖర్చులకు మరో 10,000. మూడేళ్లకు 48,000. అమ్మాయిలకు బస్సు ఖర్చు దాదాపు ఉండదు: తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అబ్బాయిలైతే స్టూడెంట్ పాసు ఖర్చు కలుపుకోవాలి.

ఇదే చదువుకు హైదరాబాద్ వెళ్లి ప్రైవేటు హాస్టల్లో ఉంటే నెలకు 7,500 చొప్పున పది నెలలకు 75,000, మూడేళ్లకు 2.25 లక్షలు. ఇది హాస్టలు ఒక్కటే. నిజాం కాలేజీ లాంటి చోట సీటు వచ్చి, కాలేజీ హాస్టల్ కూడా దొరికితే వెళ్లడంలో అర్థం ఉంది. ఊళ్లో ప్రభుత్వ కాలేజీని వదిలి నగరంలో ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో చేరడానికి ఇంత పెట్టకూడదు. పాఠాలు ఒకటే, పట్టా మీద విశ్వవిద్యాలయం పేరు కూడా చాలాసార్లు ఒకటే.

ఢిల్లీ యూనివర్సిటీ వేరే సంగతి. అక్కడి కాలేజీల్లో సీటుకు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ట్యూషన్ ఫీజు కన్నా గది అద్దె, భోజనమే ఎక్కువ. నెలకు 17,000 చొప్పున పదకొండు నెలలు పడితే ఏడాదికి 1.87 లక్షలు, మూడేళ్లకు 5.6 లక్షలు, రైలు టికెట్లు అదనం. ఈ డబ్బుకు బదులుగా వచ్చేవి మూడు: ఇంగ్లిష్‌లో రాసే అలవాటు, మంచి లైబ్రరీ, పార్లమెంటు చుట్టూ పనిచేసే సంస్థల్లో ఇంటర్న్‌షిప్‌లు. వాటిని మూడేళ్లూ వాడుకునే పిల్లలకే ఇది గిట్టుబాటు.

‘డిగ్రీతో పాటే ఐఏఎస్ కోచింగ్’ అని చెప్పే కాలేజీల దగ్గర ఆగి ఆలోచించండి. ఏటా లక్షన్నర ఫీజు, 1.2 లక్షల హాస్టల్ అనుకుంటే మూడేళ్లకు 8.1 లక్షలు. చేరేముందు ఒక్కటే అడగండి: మీ కాలేజీలో మూడేళ్ల డిగ్రీ ఇక్కడే చదివి సర్వీసు సాధించినవాళ్ల పేర్లు, రోల్ నంబర్లు ఇవ్వండి అని. యూపీఎస్సీ ఫలితాలు బహిరంగమే కాబట్టి సరిచూసుకోవచ్చు. నమూనా ఇంటర్వ్యూకు ఒకరోజు వచ్చి వెళ్లినవాళ్ల ఫొటోలు ఆ లెక్కలోకి రావు.

స్కాలర్‌షిప్‌ను ఎలా రాసుకోవాలి

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందనుకుంటే మూడో గడిలో రాయండి, కానీ పెన్సిల్‌తో రాయండి. ఖాతాలో పడిన రోజున పెన్నుతో దిద్దండి. రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకున్న సందర్భాలున్నాయి. ఆ డబ్బును నమ్ముకుని అప్పు తీర్చే తేదీ పెట్టుకున్న కుటుంబాలే దెబ్బతింటాయి.

జాగ్రత్తలు నాలుగైదు ఉన్నాయి. తెలంగాణలో బీసీ విద్యార్థులకు కుటుంబ వార్షికాదాయ పరిమితి గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ఆదాయ ధ్రువపత్రం అడ్మిషన్‌కు ముందే తీసుకోండి, చివరి వారంలో మీసేవ దగ్గర వరుస పెరుగుతుంది. హాజరు 75 శాతం కన్నా తగ్గితే ఆ ఏడాది డబ్బు పోతుంది. మొదటి ఏడు దరఖాస్తు చేస్తే సరిపోదు, ప్రతి ఏడూ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో రెన్యువల్ చెయ్యాలి. రెండో ఏడు మర్చిపోయేవాళ్లే ఎక్కువ. బ్యాంకు ఖాతా ఆధార్‌తో కలిసి ఉండాలి, ఏళ్లుగా వాడని ఖాతా అయితే ముందే బతికించుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, దోస్త్ కౌన్సెలింగ్ దశలు దాటిపోయాక స్పాట్ అడ్మిషన్లో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. మంచి కాలేజీ కోసం ఆఖరి దాకా ఆగినవాళ్లు ఇక్కడే నష్టపోతారు.

ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపడం మరో బాధ. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి. ఏమైనా ఇవ్వవలసి వస్తే ఏమేం ఇచ్చారో రాసి, సంతకం, ముద్ర వేయించుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి. టీసీ రాక ఎంఏ సీటు పోయిందంటే ఒక ఏడాది పోయినట్టే, అంటే రెండో గడిలో మరో లక్షన్నర.

పక్కన ఏ సబ్జెక్టులు తీసుకోవాలి

ఖర్చు పెంచకుండా రాబడి పెంచుకోగలిగేది ఈ ఒక్క చోటే. పది నిమిషాల్లో నింపే వెబ్ ఆప్షన్ల ప్రభావం పదేళ్లుంటుంది, అందుకే కాస్త నిదానించాలి.

డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ సోషల్ పోస్టుకు బీఈడీతో పాటు డిగ్రీలో చరిత్ర, ఆర్థికశాస్త్రం, భూగోళం, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, సోషియాలజీ వంటి వాటిలో కనీసం రెండు చదివి ఉండాలి. పాత హెచ్‌ఈపీలో, అంటే చరిత్ర, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ కలయికలో, ఈ ఇబ్బంది లేదు. ఏపీలో 2023–24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది కాబట్టి మేజర్ పొలిటికల్ సైన్స్ తీసుకున్నవాళ్లు మైనర్‌గా కంప్యూటర్స్ లాంటిది పెట్టుకుంటే టీచర్ పోస్టు అర్హత దగ్గర చిక్కు రావచ్చు. మైనర్‌గా చరిత్ర లేదా ఎకనామిక్స్ పెట్టుకోండి. కంప్యూటర్ పని బయట ఆరు నెలల్లో నేర్చుకోవచ్చు.

గ్రూప్స్ రాయాలనుకునేవాళ్లు సిలబస్‌లో తమ సబ్జెక్టు వాటా ఎంతో కొలుచుకోవాలి. తెలంగాణ గ్రూప్-2 మొత్తం 600 మార్కులు. అందులో రాజ్యాంగం, పాలనకు నేరుగా 50. సమాజం, ప్రభుత్వ విధానాలకు మరో 50. ఎకానమీకే 150 ఉన్నాయి. ఏపీ గ్రూప్-2 మెయిన్స్ 300లో రాజ్యాంగానికి 75, చరిత్రకు 75, ఎకానమీకి 75. అంటే పొలిటికల్ సైన్స్ ఒక్కటే లోతుగా చదివినవాడికన్నా మూడూ సరిపడా చదివిన హెచ్‌ఈపీ విద్యార్థి ముందుంటాడు.

జూనియర్ లెక్చరర్ పరీక్ష దీనికి పూర్తిగా వ్యతిరేకం. తెలంగాణలో జేఎల్‌కు జనరల్ స్టడీస్ 150, సబ్జెక్టు 300. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత పరీక్ష నెట్‌లో పేపర్-1కు 100, సబ్జెక్టుకు 200. మీ డిగ్రీ, ఎంఏ చదువు మూడింట రెండు వంతుల మార్కులకు పనికొచ్చే పరీక్షలివి. సివిల్స్ మధ్యలో ఉంటుంది: ఆప్షనల్‌గా పొలిటికల్ సైన్స్ తీసుకుంటే మెయిన్స్ 1750లో 500, జనరల్ స్టడీస్ రెండో పేపరుకు కొంత తోడ్పాటు. అయితే ఆ ఆప్షనల్ ఎవరైనా తీసుకోవచ్చు. 2024 సివిల్స్ మొదటి ర్యాంకర్ శక్తి దూబే ఆప్షనల్ ఇదే, ఆమె చదివింది బయోకెమిస్ట్రీ. 2017 మొదటి ర్యాంకర్, మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ ఇంజినీరు, ఆప్షనల్ ఆంత్రొపాలజీ. కలెక్టర్ కావాలంటే పొలిటికల్ సైన్సే చదవాలన్న మాట నమ్మి డిగ్రీ ఎంచుకోవద్దు.

మీడియం సంగతీ ఇక్కడే తేల్చుకోవాలి. గ్రూప్స్ తెలుగులో రాయవచ్చు. సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాయవచ్చు గానీ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. నెట్‌లో పొలిటికల్ సైన్స్ కూడా ఆ రెండు భాషల్లోనే. డిగ్రీ మొత్తం తెలుగులో చదివి ఎంఏ తర్వాత నెట్‌కు కూర్చున్నవాళ్లకు పదజాలం పట్టుబడటానికే ఏడాది పడుతుంది. సార్వభౌమాధికారం అంటే ఇంగ్లిష్‌లో ఏమంటారో, అధికార పృథక్కరణను ఏమంటారో మొదటి సెమిస్టర్ నుంచే ఒక నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకుంటూ పోతే ఆ ఏడాది మిగులుతుంది.

ఉత్త బీఏ ఎన్నేళ్లకు గిట్టుబాటవుతుంది?

ఇప్పుడు రెండో గడి. ఇంటర్ పాసైన పిల్లవాడికి సూపర్ మార్కెట్లోనో, డెలివరీలోనో, షోరూంలోనో నెలకు 12,000 చేతికొస్తుందనుకోండి. మూడేళ్లకు 4,32,000. దీనికి 48,000 ఖర్చు కలిపితే 4.8 లక్షలు.

డిగ్రీ అయ్యాక ప్రైవేటు ఆఫీసులోనో కాల్‌సెంటర్లోనో 18,000 వచ్చిందనుకోండి. డిగ్రీ చదవకుండా పనిలో ఉన్న వాడి జీతం ఈ మూడేళ్లలో 15,000 అయి ఉంటుంది. తేడా నెలకు 3,000, ఏడాదికి 36,000. 4.8 లక్షలను 36,000తో భాగిస్తే పదమూడేళ్లు దాటుతుంది. ఈ ఒక్క అంకె చాలు, ఉత్త బీఏ ఉద్యోగ పట్టా కాదని తెలియడానికి. అది రెండో మెట్టు ఎక్కడానికి వేసిన మొదటి మెట్టు. కాబట్టి రెండో మెట్టు ఏదో తేల్చుకోకుండా చేరకూడదు.

చదువుతూ పనిచేస్తే అంకె ఎంత మారుతుందో కూడా చూడండి. రోజుకు నాలుగు గంటలు ట్యూషన్లు చెప్పి నెలకు 5,000 తెచ్చుకుంటే మూడేళ్లకు 1.8 లక్షలు, 4.8 లక్షలు కాస్తా 3 లక్షలకు దిగుతుంది. పూర్తికాలం ఉద్యోగం మానలేని వాళ్లకు హైదరాబాద్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో ఉన్నాయి. రెండో గడి పూర్తిగా సున్నా అయ్యే మార్గం ఇదొక్కటే. వేరే రాష్ట్రపు విశ్వవిద్యాలయం స్టడీ సెంటర్ పేరుతో మీ వీధిలో ఎవరైనా డిగ్రీ ఇస్తామంటే, యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఆ ఏడాదికి, ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో చూడకుండా రూపాయి కట్టవద్దు. ఉద్యోగం వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలనలో పట్టా చెల్లదంటే అన్నేళ్ల శ్రమా పోతుంది.

రెండో మెట్టు

బీఈడీ రెండేళ్లు, ఎడ్‌సెట్ ద్వారా. ఆపైన టెట్, డీఎస్సీ. స్కూల్ అసిస్టెంట్ స్కేలు తెలంగాణలో 42,300తో, ఏపీలో 44,570తో మొదలవుతుంది. డీఏ, ఇంటద్దె అదనం, సీపీఎస్ పింఛను పథకం కింద పది శాతం కోత. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పుతో బీఈడీ వాళ్లకు ఎస్జీటీ, అంటే ప్రాథమిక పాఠశాల టీచరు దారి మూసుకుపోయింది కాబట్టి స్కూల్ అసిస్టెంట్ పోస్టులే లెక్క. పోస్టులు లేవని కాదు. 2024 తెలంగాణ డీఎస్సీలో అన్ని కేటగిరీలూ కలిపి 11,062, 2025 ఏపీ మెగా డీఎస్సీలో 16,347. ఇబ్బంది మధ్య దూరంతోనే. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ నియామక పరీక్ష 2024లో జరిగింది, ఏపీలో 2018 నోటిఫికేషన్ తర్వాత 2025లో. ఆ ఏడేళ్ల మధ్యలో బీఈడీ పూర్తిచేసినవాళ్లు ఏ జీతం మీద బతికారో దాన్నే మీ లెక్కలో వేసుకోవాలి. డీఎస్సీ కోచింగ్‌కు పేరున్న అవనిగడ్డలో గది తీసుకుని కూర్చోవలసింది నోటిఫికేషన్ వచ్చాకే, పుకారు వచ్చినప్పుడు కాదు.

ఎంఏ రెండేళ్లు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు తెలంగాణలో సీపీగెట్, ఏపీలో పీజీసెట్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ-పీజీ. పొలిటికల్ సైన్స్ ఎంఏకు ఉన్న ప్రత్యేక లాభం చాలామంది గమనించరు. ఇంటర్‌లో ఈ సబ్జెక్టు పేరు సివిక్స్. జేఎల్ నోటిఫికేషన్లో ‘పొలిటికల్ సైన్స్’ అని వెతికి లేదనుకుని వదిలేసినవాళ్లున్నారు. ‘సివిక్స్’ అని చూడాలి. స్కేలు తెలంగాణలో 54,220, ఏపీలో 57,100తో మొదలు. పీజీలో 50 శాతం ఉండాలి. గురుకులాల్లో జేఎల్‌కు బీఈడీ కూడా అడుగుతారు, కాబట్టి ఎంఏ, బీఈడీ రెండూ ఉన్నవాళ్లకు తలుపులు ఎక్కువ. ఒక రెగ్యులర్ కోర్సు, ఒక దూరవిద్య కోర్సు ఒకేసారి చెయ్యడానికి యూజీసీ 2022లో అనుమతించింది. బీఈడీ చేస్తూ ఇగ్నో ఎంఏ చదివితే రెండేళ్లు కలిసొస్తాయి. బీఈడీకి ప్రాక్టీస్ టీచింగ్ ఉన్న సెమిస్టర్లో ఎంఏ అసైన్‌మెంట్ల గడువు దగ్గర పడకుండా ముందే చూసుకోండి.

నెట్, దానిలో పై మార్కులవాళ్లకు పరిశోధన కోసం ఇచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ ఈ చదువులో తెలివైన పెట్టుబడి. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 చొప్పున ఇస్తారు, ఇంటద్దె వేరు. ఐదేళ్లకు 24 లక్షలు. పీహెచ్‌డీ చదువుతూ జీతం తీసుకోవడమన్నమాట. జనరల్ అభ్యర్థులకు వయసు 30 దాటకూడదు, పీజీలో 55 శాతం కావాలి. రిజర్వేషన్ వర్గాలకు 50 శాతం. 54 శాతంతో ఆగిపోయినవాళ్ల బాధ చూస్తే, ఎంఏ మొదటి సెమిస్టర్ మార్కులను ఎందుకు పట్టించుకోవాలో తెలుస్తుంది. నాలుగేళ్ల ఆనర్స్‌లో 75 శాతం తెచ్చుకుంటే ఎంఏ లేకుండానే జేఆర్‌ఎఫ్‌కు కూర్చోవచ్చు. నాలుగో ఏడాది చదవాలా వద్దా అన్నదానికి ఇదే గీటురాయి. మూడేళ్లకు 70 దాటకపోతే బయటకు వచ్చి ఎంఏలో చేరడమే నయం. అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే మొదటి బేసిక్ 57,700. దాని కింద గెస్ట్ లెక్చరర్ పని ఉంది, పీరియడ్ లెక్కన డబ్బు, సెలవుల నెలల్లో ఉండదు. గెస్ట్ జీతాన్ని పన్నెండుతో కాదు, తొమ్మిదితో గుణించండి.

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ ఉంది. పొలిటికల్ సైన్స్ వాళ్లకు రాజ్యాంగ చట్టం తేలికవుతుంది, అంతవరకే. కోర్టులో మొదటి మూడు నాలుగేళ్లు సీనియర్ ఇచ్చే చేతిఖర్చే ఆదాయం. ఇంట్లో ఆ మూడేళ్లు నెట్టుకురాగలిగితేనే ఇటు రావాలి. సర్వే సంస్థలు, ఎన్నికల కన్సల్టెన్సీలు బాగానే ఇస్తాయి, కానీ ఎన్నికలైన మరుసటి నెల జీతం ఉంటుందా అన్నది ఒప్పందం మీద సంతకానికి ముందే అడగాలి.

ఎదురుచూపు ఖరీదు

తెలంగాణ గ్రూప్-2లో 783 పోస్టులకు నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. పరీక్ష వాయిదా మీద వాయిదా పడి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. దాదాపు రెండేళ్లు. 2022 డిసెంబరులోనే వచ్చిన జేఎల్ నోటిఫికేషన్‌కు నియామక పత్రాలు 2025 మార్చిలో అందాయి. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022లో ఒకసారి, 2023లో ఇంకోసారి రాసినవాళ్లు, రెండూ రద్దయ్యాక 563 పోస్టుల కొత్త నోటిఫికేషన్‌తో 2024 జూన్‌లో మూడోసారి రాశారు.

హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో రెండేళ్లు కూర్చుంటే ఎంతవుతుందో వేద్దాం. బెడ్డు, మెస్సు నెలకు 8,000 చొప్పున 1,92,000. కోచింగ్ 60,000. పుస్తకాలు, టెస్ట్ సిరీస్ 20,000. దరఖాస్తులు, ప్రయాణాలు 10,000. మొత్తం 2,82,000. ఆ రెండేళ్లు 18,000 జీతం వదులుకున్నందుకు 4,32,000. కలిపితే 7,14,000. డిగ్రీకి చేతి నుంచి పెట్టిన 48,000కు ఇది పదిహేను రెట్లు. ఫీజు దగ్గర వెయ్యి రూపాయల కోసం బేరమాడిన కుటుంబం కూడా ఈ ఏడు లక్షలను ఖర్చుగా ఎక్కడా రాసుకోదు. నెలనెలా కొంచెం కొంచెం పోతుంది కాబట్టి కనపడదు.

మరో మార్గం ఉంది. ఉద్యోగం చేస్తూ రోజుకు మూడు గంటలు చదివి, పరీక్ష తేదీ ఖాయమయ్యాక నాలుగు నెలలు మాత్రం సెలవు పెట్టడం. వదులుకున్న జీతం 72,000, గది, భోజనం 32,000, టెస్టులకు 10,000: మొత్తం 1,14,000. బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్లలో సీటు వస్తే ఇంకా తగ్గుతుంది. వాయిదా పడితే మళ్లీ పనిలోకి వెళ్లాలి. ‘ఇంకో రెండు నెలలేగా’ అని ఆగడం దగ్గరే లెక్క తప్పుతుంది.

కాబట్టి తయారీ మొదలుపెట్టే రోజునే నోటు పుస్తకంలో రెండు అంకెలు రాయండి: ఆఖరి తేదీ, ఆఖరి రూపాయి. ఉదాహరణకు ‘రెండు ప్రయత్నాలు లేదా రెండున్నర లక్షలు, ఏది ముందైతే అది’. తెలంగాణ గ్రూప్-1కు 2024 నోటిఫికేషన్‌లో 46 ఏళ్ల దాకా వయోపరిమితి ఇచ్చారు. అది రాయడానికి అనుమతి మాత్రమే, అప్పటిదాకా ఆగమని కాదు. ఆ పేజీ మీద అమ్మానాన్నల సంతకం కూడా పెట్టించండి. ఆపాలన్న మాట తర్వాత ఎవరూ ఎత్తలేరు, ముందే రాసి ఉంటే ఎత్తనక్కర్లేదు.

అవకాశంతో గుణించడం

జీతాన్ని పూర్తిగా రాయకుండా, అది వచ్చే అవకాశంతో గుణించి రాయాలి. 2024 సివిల్స్‌కు 9,92,599 మంది దరఖాస్తు చేస్తే ప్రిలిమ్స్ రాసినవాళ్లు 5,83,213, చివరికి ఎంపికైనవాళ్లు 1,009. రాసిన 578 మందిలో ఒకరు. తెలంగాణ గ్రూప్-2లో సుమారు 5.5 లక్షల దరఖాస్తులకు 783 పోస్టులు, 700కు ఒకటి. పరీక్ష పూర్తిగా రాసినవాళ్లు అందులో సగం లోపే కాబట్టి నిజానికి 350కు ఒకటి కన్నా మెరుగు. మీ మాక్ టెస్టు ర్యాంకులను బట్టి మీ అంకె మీరు వేసుకోండి.

జేఎల్ దారిని ఇలా చూడండి. బీఏకు 4.8 లక్షలు. ఎంఏ రెండేళ్లకు చేతి ఖర్చు 60,000, వదులుకున్న జీతం నెలకు 15,000 చొప్పున 3.6 లక్షలు. ఏడాదిన్నర తయారీకి తిండి, గది 1.44 లక్షలు, వదులుకున్న జీతం 2.7 లక్షలు. మొత్తం సుమారు 13.1 లక్షలు. ఉద్యోగం వస్తే బేసిక్ ఒక్కటే 54,220. రాకపోతే 20,000 వస్తుందనుకుంటే తేడా ఏడాదికి 4.1 లక్షలు. మూడేళ్ల పైచిలుకులో మొత్తం తిరిగొస్తుంది. కానీ వచ్చే అవకాశం ఇరవైలో ఒకటైతే ఆ 4.1 లక్షలు లెక్కలో 20,500 అవుతుంది, అప్పుడు ఎన్నేళ్లకూ గిట్టదు.

ఇక్కడే దారుల మధ్య అసలు తేడా తెలుస్తుంది. ఎంఏ పొలిటికల్ సైన్స్‌లో చదివిన అదే సిలబస్ జేఎల్‌కు, గురుకులానికి, నెట్‌కు, నెట్ లాంటి రాష్ట్ర స్థాయి పరీక్ష సెట్‌కు, డిగ్రీ లెక్చరర్‌కు పనికొస్తుంది. ఐదు పరీక్షలకు ఒకే చదువు. ఒకటి పోయినా మరొకటి ఉంటుంది, ఏదీ రాకపోయినా ప్రైవేటు కాలేజీలో పాఠం చెప్పుకోవచ్చు. గ్రూప్స్ ఒక్కదానికే చదివినవాడు పోస్టు రాకపోతే ఆ చదువును ఇంకెక్కడా అమ్ముకోలేడు. అందుకే మామూలు కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థికి ఎంఏ, బీఈడీ, నెట్ దారి ముందు, గ్రూప్స్ దాని పక్కన అని గట్టిగా చెప్పగలం.

అప్పు చేసి చదవాలంటే

బీఏ పొలిటికల్ సైన్స్‌కు మన రాష్ట్రాల్లో అప్పు అవసరం రాకూడదు. వస్తోందంటే కాలేజీ ఎంపిక తప్పని అర్థం. పబ్లిక్ పాలసీ ఎంఏ లాంటి ఖరీదైన కోర్సులకు 5 లక్షలు 10 శాతం వడ్డీతో, ఏడేళ్లలో తీర్చేలా తీసుకుంటే నెలకు సుమారు 8,300. చదివే కాలంలోనూ వడ్డీ పెరుగుతూ ఉంటుందని మర్చిపోవద్దు. మొదటి జీతంలో అయిదో వంతు కన్నా వాయిదా మించితే ఆ కోర్సు వదిలెయ్యండి. 8,300 వాయిదాకు కనీసం 41,500 జీతం కావాలి. ఆ జీతంతో కిందటి బ్యాచ్‌లో ఎందరు చేరారో, సగటు కాకుండా సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థి జీతమెంతో అడగండి. ఇద్దరికి ఇరవై లక్షలొస్తే సగటు ఎగిరిపోతుంది.

అమెరికాలో ఎంఏ పొలిటికల్ సైన్స్ చెయ్యాలనుకునే ఇళ్లలో ఒక ముఖ్యమైన సంగతి తెలియక చిక్కులో పడుతున్నారు. చదువయ్యాక అక్కడ పనిచెయ్యడానికిచ్చే అనుమతి, ఓపీటీ, ఎవరికైనా 12 నెలలే. మరో 24 నెలల పొడిగింపు స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సులకు మాత్రమే, మామూలు పొలిటికల్ సైన్స్ ఆ జాబితాలో లేదు. కంప్యూటర్స్ చదివిన అన్నకు మూడేళ్లు దొరికాయి కదా అని చెల్లికీ అదే లెక్క వేస్తే తప్పు. 40 లక్షల అప్పుకు 11 శాతం వడ్డీతో పదేళ్ల వాయిదా నెలకు దాదాపు 55,100, అంటే తెలంగాణ జేఎల్ మొదటి బేసిక్ కన్నా ఎక్కువ. వెనక్కి వస్తే ఇక్కడి ఏ తొలి జీతంతోనూ తీరదు. డాక్టరేట్‌కు ఫీజు మాఫీ, స్టైపెండ్ ఇచ్చే చోట సీటు వస్తే వెళ్లవచ్చు. కొన్ని పబ్లిక్ పాలసీ కోర్సులు స్టెమ్ కింద నమోదయ్యాయి. విశ్వవిద్యాలయం వీసా కోసం ఇచ్చే ఐ-20 పత్రం మీద రాసిన కోర్సు కోడు చూసి నిర్ధారించుకోండి, వెబ్‌సైట్ మాటను బట్టి కాదు.

ఈ నోటు పుస్తకాన్ని ఏటా జూన్‌లో ఒకసారి తెరవండి. కిందటి ఏడాది పెన్సిల్ అంకెల్లో ఏవి పెన్నుకెక్కాయో చూడండి. రెండో ఏడాది చివర బ్యాక్‌లాగులు రెండు కన్నా ఎక్కువుంటే ఎంఏ, నెట్ గడులను కొట్టేసి బీఈడీ మీదకు మళ్లండి. 65 శాతం దాటుతుంటే ఎంఏ ప్రవేశ పరీక్ష పాత ప్రశ్నపత్రాలు అప్పుడే మొదలుపెట్టండి. ఆఖరి సెమిస్టర్ ఫలితాలొచ్చిన వారంలోనే టీసీ, మార్కుల మెమోలు, ప్రొవిజనల్ తెచ్చుకుని ఒక్కోదానికి ఐదేసి జిరాక్సులు తీయించి పెట్టుకోండి. కౌన్సెలింగ్ తేదీలు ఆ తర్వాత ఎక్కువ రోజులు ఆగవు.